అప్పు తెచ్చాక అవగాహన తరగతి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఒకరి గల్ఫ్ ప్రయాణం ఖాయమైందంటే ఇంట్లో ఏర్పాట్లు వంటింటి నుంచే మొదలవుతాయి. సకినాలు చుడతారు, ఆవకాయ డబ్బాకు నూనె కారకుండా నాలుగు కవర్లు తొడుగుతారు. కూరల్లో వేసుకుంటాడులే అని గసగసాల పొట్లం కూడా ఒకటి సర్దుతారు. ఆ పొట్లమే కొంప ముంచొచ్చు. యూఏఈ, సౌదీల్లో గసగసాలు నిషేధం. అక్కడి అధికారులు వాటిని మత్తుపదార్థాల పద్దులో చూస్తారు. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలకూ కట్టడి ఉంది. ఊళ్లో ఇచ్చారు కదా అని జేబులో వేసుకుపోతే కుదరదు.

ఇవన్నీ చెప్పడానికి ప్రభుత్వ శిక్షణ లేకపోలేదు. విదేశాంగ శాఖ ఆధ్వర్యంలో ప్రయాణానికి ముందు ఒకరోజు అవగాహన తరగతి నడుస్తోంది. వెళ్లే దేశపు చట్టాలేమిటో, కష్టమొస్తే ఎవరిని పిలవాలో అందులో చెబుతారు. చిక్కల్లా ఎప్పుడు చెబుతారన్నదే. ఉద్యోగం కుదిరి, వీసా వచ్చి, ఏజెంటుకు డబ్బు ముట్టాక! నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చినవాడికి నెలకు మూడు వేలు వడ్డీకే పోతుంది. ఆ దశలో ఒప్పందం బాగోలేదని తెలిసినా వెనక్కి తగ్గేదెవరు?

అసలు ఆ లక్షన్నరే కట్టనక్కర్లేదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు ఇచ్చి తీరాలి. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కానీ పల్లెకు వచ్చేది ఆ ఏజెంటు కాదు, అతని పేరు చెప్పుకొనే సబ్ ఏజెంటు. తరచూ అతను దూరపు చుట్టమో, పక్క ఊరివాడో అయి ఉంటాడు. మనోడిని రసీదు అడిగితే ఏం బాగుంటుందన్న మొహమాటం దగ్గరే మోసం మొదలవుతుంది.

దీనికి తోడు విజిట్ వీసా. ‘ముందు వెళ్లు, అక్కడ మార్పిద్దాం’ అంటారు. పదో తరగతి పాసుకానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. దానిపై గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతితోపాటే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే, శాశ్వతంగా వికలాంగుడైతే పది లక్షలు వస్తాయి. విజిట్ వీసాపై విమానమెక్కినవాడికి ఆ అనుమతీ లేదు, బీమా కూడా లేదు. పనిలో దొరికితే కల్లివెల్లి, అంటే అక్రమంగా ఉంటున్నవాడి కింద లెక్క.

కాగితాలు సరిగా ఉన్నవాళ్లు కూడా ఒప్పంద పత్రంలోని ఒక గడి దగ్గర దెబ్బతింటారు. నెలకు వెయ్యి దిర్హాములని రాసి ఉంటే సంతకం పెట్టేస్తారు. అందులో బేసిక్ 600, మిగతాది అలవెన్సులు అనుకుందాం. యూఏఈలో మొదటి ఐదేళ్లకు గ్రాట్యుటీని ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కగడతారు. అంటే చేతికొచ్చేది ఏడాదికి 420 దిర్హాములు. వెయ్యీ బేసిక్కే అయితే 700 వచ్చేది. ఈ తేడా తెలిసి బేరమాడాల్సింది సంతకానికి ముందే.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల సాయం అందించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. మంచి పనే. బతికుండగా అందాల్సిన సమాచారం మాత్రం ఇంకా ఆ ఒకరోజు తరగతి గదిలోనే ఉండిపోయింది. ఏ ఊళ్లో ఎవరికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇచ్చారో సర్కారుకు తెలుసు. పాస్‌పోర్టు విచారణకు పోలీసు ఇంటికి వచ్చినప్పుడే తెలుగులో రెండు పేజీల కాగితం చేతికివ్వొచ్చు. ఏజెంటు లైసెన్సు ఎలా చూడాలో, 30,000 పరిమితి ఏమిటో, బేసిక్ ఏ గడిలో ఉంటుందో అందులో ఉంటే చాలు. మహిళా సంఘాల సమావేశాల్లోనూ ఇదే చదివి వినిపించాలి. భర్త ప్రయాణానికి సంఘంలో అప్పు తీసి, అతను వెళ్లాక నెలనెలా వాయిదా కట్టేది చాలా ఇళ్లలో భార్యే మరి.