నయాగరాయా, గ్రాండ్ కాన్యనా?

మన సంఘ సభ్యురాలొకరు ఈ నెల మాకొక ఉత్తరం వ్రాశారు. వారి పెద్దబ్బాయికి అమెరికాలో, డాలస్ నగరంలో ఉద్యోగం. భార్యాభర్తలిద్దరూ సెప్టెంబరులో అక్కడికి ప్రయాణమవుతున్నారు. అక్టోబరు రెండవ వారంలో అబ్బాయికి నాలుగు రోజులు సెలవు దొరుకుతుందట. ఆ నాలుగు రోజుల్లో నయాగరా జలపాతమో, గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయో ఏదో ఒకటి చూపిస్తాను, మీరే తేల్చుకోండి అన్నాడట. ఆమెకు నీళ్లంటే ప్రాణం, కాని మోకాళ్ల నొప్పి. భర్తగారు గ్రాండ్ కాన్యన్ అంటున్నారు. అక్కడ విష్ణ్వాలయమూ శివాలయమూ ఉన్నాయని ఎవరో చెప్పారట. “మీ ఇష్టం అని ఊరుకున్నాను గాని మనసు ఊరుకోవడం లేదు. మళ్ళీ ఆ దేశం పోతామో లేదో. మీరేమంటారు?” అని అడిగారు.

ఇటువంటి ప్రశ్న ఇప్పుడు మన ఇళ్లలో కొత్త కాదు. తాతల నాడు పొట్ట చేతబట్టుకుని బళ్ళారికో, మద్రాసుకో, బరంపురానికో, షోలాపురానికో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మనవి. ఇప్పుడు పిల్లలు సముద్రాలు దాటారు. వాళ్లను చూడబోయిన పెద్దలకు రెండు నెలలు ఇంటిపట్టునే గడిచిపోతాయి. తిరిగేది నాలుగు రోజులు. అందుచేత ఈ సంగతి నలుగురికీ పనికివస్తుందని ఇక్కడే జవాబు వ్రాస్తున్నాము. ఆఫీసులో ఫైలు మీద నోటు పెట్టేటప్పుడు ముందు సంగతులు, తరువాత ఖర్చు, చివర సిఫార్సు వ్రాయడం మాకు అలవాటు. అదే వరుస ఇక్కడా పాటిస్తాము.

ముందుగా నయాగరా. ఇది అమెరికాకూ కెనడాకూ సరిహద్దు మీద ఉన్నది. ఈరీ సరస్సు నీరు ఆంటారియో సరస్సుకు పోయే దారిలో నది ఒక్కసారిగా కిందికి దూకుతుంది. మొత్తం మూడు పాయలు. గుర్రపు నాడా ఆకారంలో ఉన్నది అన్నిటికన్నా పెద్దది. రెండవది అమెరికన్ జలపాతం. రెంటికీ నడుమ పెళ్ళికూతురి మేలిముసుగు అనే పేరుతో సన్నని పాయ ఒకటి.

ఎత్తు వింటే కర్ణాటకంలో ఉన్న మనవారు పెదవి విరుస్తారు. మన జోగ్ 830 అడుగులు; నయాగరాలో పెద్ద పాయ 190 అడుగులకు లోపే. కాని జోగ్ వేసవిలో నాలుగు దారాలుగా మిగులుతుంది. నయాగరా అట్లా కాదు. 1950లో రెండు దేశాలూ ఒడంబడిక చేసుకుని, యాత్రికులు వచ్చే కాలంలో పగటిపూట సెకనుకు లక్ష ఘనపుటడుగులకు తగ్గకుండా నీరు దూకాలనీ, మిగతా వేళల్లో అందులో సగం చాలుననీ వ్రాసుకున్నాయి. మిగిలిన నీరు విద్యుత్తు తీయడానికి పోతుంది. అంటే నదికి కూడా మనలాగే డ్యూటీ వేళలు ఉన్నాయన్నమాట! ఆ పగటి లెక్క అక్టోబరు 31 వరకు అమలులో ఉంటుంది గనుక మన సోదరి వెళ్లే వారంలో నిండుగానే చూడవచ్చును. 1969లో జూన్ నుండి నవంబరు వరకు సైన్యపు ఇంజనీర్లు అమెరికన్ జలపాతానికి అడ్డుకట్ట వేసి, నీరు పూర్తిగా ఆపి, రాతి బీటలు పరీక్షించి, మళ్ళీ వదిలారు. ఆ ఏడు వెళ్లినవారు జలపాతం బదులు వట్టి బండలు చూచి వచ్చి ఉంటారు.

ఆ నీటిని చూచి మతులు పోగొట్టుకున్నవారూ కద్దు. ఆనీ ఎడ్సన్ టేలర్ అనే పంతులమ్మ 1901 అక్టోబరు 24న, తన 63వ పుట్టినరోజున, పీపాలో కూర్చుని పెద్ద పాయ మీదుగా కిందికి పడి ప్రాణాలతో బయటికి వచ్చింది. ముసలితనానికి నాలుగు డబ్బులు వస్తాయని ఆమె ఆశ. అవి రాలేదు. 1921లో బీదరికంలోనే పోయింది.

ఇక మోకాళ్ల మాట. అమెరికా వైపు ఉన్న పార్కు 1885లో ఏర్పడ్డది. ఆ దేశపు రాష్ట్ర పార్కులలో అదే పాతది. అక్కడి బురుజు నుండి పడవ రేవుకు లిఫ్టు ఉన్నది. ‘మెయిడ్ ఆఫ్ ది మిస్ట్’ అనే పడవ పేరు 1846 నాటిది. 2020 నుండి విద్యుత్తుతో నడుస్తున్నది. తుంపర కోటు ఒకటి ఇచ్చి, జలపాతం పాదాల దగ్గరిదాకా తీసుకుపోతారు. గోట్ దీవి చివర టెరపిన్ పాయింట్ అనే చోట పెద్ద పాయ అంచు పక్కనే నిలబడవచ్చును. ‘కేవ్ ఆఫ్ ది విండ్స్’ మాత్రం కొయ్యమెట్ల వ్యవహారం; మోకాళ్లు బాగాలేనివారు దానిని మొగవారికి వదిలి కింద కూర్చోవడం మేలు. కెనడా గట్టు నుండి దృశ్యం ఇంకా బాగుంటుందన్నది నిజమే గాని, మన పాస్‌పోర్టు గలవారు వంతెన దాటాలంటే కెనడా వీసా వేరే కావాలి. అది లేదని బెంగపడనక్కరలేదు. నీటికి దగ్గరగా నిలబడే భాగ్యం అమెరికా వైపునే ఎక్కువ.

రెండవది గ్రాండ్ కాన్యన్. అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది కోసిన లోయ. నది వెంట పొడవు 277 మైళ్లు, లోతు సుమారు ఒక మైలు, వెడల్పు కొన్నిచోట్ల 18 మైళ్లు. అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరినవారికి ఆ ఎత్తు ఎంతో కాళ్లే చెబుతాయి. ఈ లోతు అటువంటివి రెండు పైచిలుకు. పైగా కొండకు ముందు ఎక్కి తరువాత దిగుతాము. ఇక్కడ ముందు దిగి, అలసిన తరువాత ఎక్కాలి. అందుకే ఒక్కరోజులో నదిదాకా దిగి తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దని పార్కువారే హెచ్చరిస్తారు. అడుగున ఎండ కూడా పైకన్నా చాలా తీవ్రం.

అయితే మోకాళ్ల నొప్పి ఉన్నదని ఈ లోయను కాదనడం న్యాయం కాదు. దక్షిణపు గట్టు మీద చదునైన బాట ఉన్నది, ఊరక తిప్పే బస్సులున్నాయి, కూర్చుని చూచే చోట్లున్నాయి. ఎత్తు 7,000 అడుగులు, ఇంచుమించు మన ఊటీ అంత. ఆయాసం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి వెళ్లాలి.

గుళ్ల సంగతి భర్తగారికి చెప్పక తప్పదు. అక్కడ గర్భగుడి లేదు, అర్చకుడు లేడు; కొబ్బరికాయ పట్టుకు వెళ్లవద్దు. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1880 ప్రాంతాల ఆ లోయను పరిశీలిస్తూ గోపురాల వంటి శిఖరాలను చూచి, విష్ణు దేవాలయం, శివ దేవాలయం అని పేర్లు పెట్టాడు. బ్రహ్మ, రాముడు, కృష్ణుడు, బుద్ధుడు కూడా ఆ వరుసలో శిఖరాలకు పేర్లై వెలిశారు. అడుగున ఉన్న అతి పాత రాతికి సైతం విష్ణువు పేరే. దాని వయస్సు 170 కోట్ల సంవత్సరాలకు పైమాట. ఆ సంగతి తెలిసి చూస్తే చేతులు వాటంతట అవే జోడించబడతాయేమో గాని, అది గుడి మాత్రం కాదు.

ఇంకొక జాగ్రత్త. లాస్ వేగాస్ నుండి ఒక్కరోజులో గ్రాండ్ కాన్యన్ అని ప్రకటించేవారు చాలాసార్లు తీసుకుపోయేది పడమటి గట్టుకు. అది హువాలపాయి తెగవారిది, జాతీయ పార్కులో చేరదు, టిక్కెట్టు వేరు. 2007లో తెరచిన గాజు వంతెన అక్కడిదే. ఏ గట్టుకు పోతున్నామో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక ఖర్చు, కాలం. డాలస్ నుండి రెంటికీ విమానమే. బఫెలోలో దిగితే నయాగరా అరగంట పైన. ఫీనిక్స్‌లో దిగితే దక్షిణపు గట్టు దాదాపు 230 మైళ్లు, కారులో నాలుగు గంటలు పెట్టుకోవాలి. నయాగరా పార్కుకు ప్రవేశ రుసుము లేదు. కారు నిలిపినందుకూ, పడవకూ చెల్లించాలి. గ్రాండ్ కాన్యన్‌లో 2026 జనవరి 1 నుండి, ఏడాది పాసు లేని విదేశీయులకు, 16 ఏళ్లు దాటినవారైతే, మామూలు రుసుము మీద తలకు 100 డాలర్లు అదనం. పిల్లవాడు నోరు తెరచి చెప్పడు గాని అది చిన్న మొత్తం కాదు.

“రెండూ చూపిస్తానంటే?” అని కొందరు ఆశపడతారు. నాలుగు రోజుల్లో దేశానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి అంటే చూచేది విమానాశ్రయాలనే. పైగా ఆ లోయను గబగబా చూచి లాభం లేదు. తెల్లవారుజామున ఒక రంగు, సాయంకాలం ఒక రంగు. గట్టు మీద ఒక రాత్రైనా ఉండి, మాట్లాడకుండా కూర్చోగలవారికి అది దక్కుతుంది. నయాగరా అట్లా పరీక్ష పెట్టదు. దగ్గరికి పోగానే ముఖం మీద చల్లి పలకరిస్తుంది.

మా సిఫార్సు ఇది. ఈసారికి నయాగరా. ప్రయాణపు బడలిక తక్కువ, ఖర్చు తక్కువ, నీరు నిండుగా ఉండే కాలం. భర్తగారికి కూడా మేము అన్యాయం చేయడం లేదు. తిరిగి వచ్చిన తరువాత ఆయనను కడప జిల్లాలో గండికోటకు తీసుకుపోండి. పెన్న కోసిన ఆ లోయ పెద్దదానికి మేనల్లుడి పోలిక. కోటలో మాధవరాయస్వామి గుడీ, రంగనాథస్వామి గుడీ నిజంగానే ఉన్నాయి. అరిజోనా లోయ ఎక్కడికీ పోదు. రెండవసారి యోగముంటే వారం రోజుల సెలవు పెట్టించి అక్కడికే వెళ్లండి.

ఒక్క మాట మాత్రం మా ఫైలులో ఇమడదు. అమ్మా, “మీ ఇష్టం” అని మీరు అన్నారు, వారు నిజమనుకున్నారు. ఏళ్ల తరబడి ఇంట్లో ఆ మాట వింటున్నవారికి దాని వెనుక ఇంకొక కోరిక ఉంటుందని ఎట్లా తెలుస్తుంది? ఈ పత్రిక వారికి చూపి మా చేత చెప్పించవద్దు. నాకు ఆ నీళ్లు చూడాలని ఉన్నది అని మీరే, అబ్బాయి టిక్కెట్లు కొనకముందే, నోటితో చెప్పండి. విమానపు టిక్కెట్లు ఆలస్యమైన కొద్దీ ప్రియమవుతాయి.