పన్ను ఎక్కువ, బడి తక్కువ

బడుల్ని పోల్చేముందు పేటల్ని పోల్చమంటాం మేము. అమెరికా శివార్లలో ఇల్లు కొనే మన తెలుగువాళ్లు బడి మార్కులు చూసి కొంటారు. ఆ మార్కుల వెనక ఇళ్ల ధరుంది.

టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో లెక్క చూడండి, 1967-68ది. మెక్సికన్ పేదల ఎడ్జ్‌వుడ్ నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టింది. తెల్లవాళ్లు ఎక్కువుండే అలమో హైట్స్ కట్టింది 0.85. అయినా అన్నీ కలిపి పిల్లాడికి అక్కడ 594 డాలర్లు, ఎడ్జ్‌వుడ్‌లో 356! చిన్న ఇళ్ల మీద ఎంత పన్నేస్తే ఏం రాలుద్ది? డెమెట్రియో రోడ్రిగెజ్ అనే కార్మికుడు, తోటి తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 1973లో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. 1989లో టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం ఆ పద్ధతి చెల్లదంది.

మన వాడ బడినీ టౌను బడినీ పోల్చి మన పిల్లలకు చదువబ్బదనేవాళ్లు రెండు బళ్ల ఖర్చూ ముందు బయటపెట్టాలి. వచ్చే విద్యా కమిటీ మీటింగులో అడుగుతాం.