నవల చెప్పిందా? వాక్యం చెప్పిందా?

‘అయ్యగారూ, మీరు ఇంకా ఇక్కడే ఉన్నారా?’

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం 11 ఏళ్ల పాప మా ఇంటి గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తూ అడిగిన ప్రశ్న ఇది. మా సంఘపు పిల్లే. ట్యూషన్ నుంచి ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉందట. గుమ్మం దగ్గర అమ్మ చెప్పులున్నాయి, బల్లమీద సెల్‌ఫోన్ ఉంది, అమ్మ మాత్రం లేదు. ఎంత పిలిచినా పలకలేదు. యేసయ్య వచ్చి అమ్మను తీసుకెళ్లిపోయాడు, నన్ను వదిలేశాడు అనుకుని ఆ పాప చర్చి పక్కనున్న మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. తీరా చూస్తే తల్లి మేడమీద ఆరేసిన బట్టలు తీస్తోంది!

కాసేపటికి తల్లి వచ్చి పాపను హత్తుకుంది. అందరం నవ్వుకున్నాం. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ భయాన్ని ఆ పాప చేతికిచ్చింది నేనే. విదేశంలో ఉన్న ఒక విశ్వాసి మా సంఘ గ్రంథాలయానికి ఒక పెట్టెడు పుస్తకాలు పంపితే, క్రైస్తవ పుస్తకాలే కదా అని ఒక్కటీ చదవకుండానే బీరువాలో సర్దించాను. అందులో ‘లెఫ్ట్ బిహైండ్’ పిల్లల నవలలున్నాయి. తమవారంతా ఎత్తబడగా భూమ్మీద మిగిలిపోయిన నలుగురు పిల్లల కథ అది.

టిమ్ లహే, జెర్రీ జెంకిన్స్ అనే అమెరికన్ రచయితలు 1995లో ‘లెఫ్ట్ బిహైండ్’ మొదటి నవల వెలువరించారు. మొత్తం 16 నవలలు వచ్చాయి, 6 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఎగురుతున్న విమానంలో ప్రయాణికులు ఉన్నట్టుండి మాయమవుతారు, వాళ్ల బట్టలు సీట్లలో మిగిలిపోతాయి. చదివినవారికి ఆ దృశ్యం మరపురాదు. చిక్కంతా అక్కడే ఉంది. సీట్లలో మిగిలిన ఆ బట్టలు ఏ అధ్యాయంలో ఉన్నాయో బైబిలు తెరిచి వెదకండి, కనిపించవు. అవి రచయితల ఊహ. కాని నవల మూసేసిన కొంతకాలానికి ఏది ఊహో, ఏది వాక్యమో మన మనసుకు తేడా తెలియకుండా పోతుంది. ఆ పాపకు అమ్మ చెప్పులే ‘ఆధారం’ అయ్యాయి.

‘డావిన్సీ కోడ్’ గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. డాన్ బ్రౌన్ 2003లో రాసిన ఆ నవల 2006లో సినిమాగా వచ్చినప్పుడు క్రైస్తవులు అనేకచోట్ల నిరసన తెలిపారు. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చిత్రాన్ని నిషేధిస్తే, తర్వాత హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. నేనూ ఆ రోజుల్లో ప్రసంగాలు చేశాను. క్రీ.శ. 325లో నికయ సభలో కొద్దిపాటి ఓట్ల తేడాతో యేసును దేవుణ్ణి చేశారని ఆ నవలలో ఒక పాత్ర అంటుంది. అది చరిత్ర కాదు. సుమారు 300 మంది బిషప్పులు కూడిన ఆ సభలో విశ్వాస ప్రమాణంపై సంతకం చేయకుండా చివరిదాకా నిలిచింది ఇద్దరే. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, క్రైస్తవులు క్రీస్తును దేవునిగా కీర్తిస్తూ పాడుతున్నారని ప్లినీ అనే రోమా అధిపతి తన చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఇదంతా నేను పుస్తకాలు తిరగేసి మరీ సంఘానికి వివరించాను.

మరి ‘లెఫ్ట్ బిహైండ్’ను ఎందుకు అలా పరిశీలించలేదు? మనల్ని వ్యతిరేకించే నవలను భూతద్దంతో చూస్తాం. మనవాళ్లు రాసిన నవలను కళ్లు మూసుకుని నమ్మేస్తాం. బెరయవారు అలా చేయలేదు. వారికి బోధించింది పరాయివాడు కాదు, సాక్షాత్తు పౌలే. అయినా ఆయన చెప్పినవి అలాగే ఉన్నాయో లేదో అని వారు ప్రతిదినమూ లేఖనాలు పరిశోధించారు (అపొ.కా. 17:11). పౌలు బోధనే పరీక్షించినప్పుడు మన అభిమాన రచయితను పరీక్షించడం తప్పెలా అవుతుంది?

కథలు చదవడమే పాపమని నేననను. దావీదు పాపాన్ని అతనికి చూపించడానికి నాతాను ప్రవక్త వాడుకున్నది ఒక కథనే (2 సమూ. 12). ప్రభువు ఉపమానాలు లేకుండా సువార్తల్ని ఊహించుకోగలమా? 1678లో వెలువడిన జాన్ బన్యన్ ‘యాత్రికుని ప్రయాణం’ తరతరాల విశ్వాసుల్ని బలపరిచింది. బన్యన్ తన పుస్తకంలో పేజీల అంచున బైబిలు రిఫరెన్సులు ఇచ్చాడు. కథ చదివేవాణ్ణి వాక్యం దగ్గరికి పంపాడు. మంచి క్రైస్తవ కథ చేయాల్సిన పని అదే.

సంఘం ఎత్తబడేది శ్రమలకు ముందా, తర్వాతా అన్న విషయంలో మన సంఘాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ వాదన ఇక్కడ వద్దు. కాని ఎత్తబడటం గురించి పౌలు రాసిన మాటలు ఎవరికోసం? చనిపోయిన తమవారి కోసం దుఃఖిస్తున్న థెస్సలొనీక విశ్వాసుల కోసం. మృతులైనవారూ, సజీవులూ కలిసి సదాకాలం ప్రభువుతో ఉంటారని చెప్పి, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోమన్నాడు (1 థెస్స. 4:13–18). ఆదరణ కోసం రాసిన వాక్యం ఒక పసిపిల్లకు పీడకల అయ్యిందంటే, మధ్యలో ఏదో చేరిందన్నమాటే. మెలకువగా ఉండమని ప్రభువు హెచ్చరించిన మాట నిజమే. కాని మెలకువ వేరు, వణుకు వేరు. యజమాని వచ్చేసరికి ఇంటివారికి వేళకు అన్నం పెడుతున్న దాసుడే ధన్యుడన్నాడాయన (మత్తయి 24:45, 46). ఆ లెక్కన, మేడమీద పిల్లల బట్టలు తీస్తున్న ఆ తల్లి సిద్ధంగానే ఉంది!

అందుకే భక్తి నవల చదివినా, సినిమా చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో రచయిత ఊహ ఎంత? అతను వాడుకున్న వాక్యం బైబిల్లో ఏ సందర్భంలో ఉంది? ఇది చదివాక నాలో ప్రభువుపై ప్రేమ పెరిగిందా, ఉత్త భయమే మిగిలిందా? పిల్లలు చదివేటప్పుడు ఈ ప్రశ్నలు పెద్దలు వారి పక్కన కూర్చుని వేయాలి.

మరునాడు ఆ పాపను, తల్లిని పిలిచి థెస్సలొనీక పత్రిక చదివించాను. చివరి వచనం దగ్గర పాప ఆగింది. ‘ఏడుస్తున్న వాళ్ల కోసం రాశారా అయ్యగారూ ఇది?’ అంది. ‘అవునమ్మా’ అన్నాను. చదవకుండా పుస్తకమిచ్చినందుకు ఇద్దరినీ క్షమించమని అడిగాను. ఆ నవలలు మా బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. అయితే ప్రతిదాని మొదటి పేజీలో ఒక చీటీ అంటించాం: ‘ఇది కథ. చదివాక 1 థెస్సలొనీకయులకు 4వ అధ్యాయం కూడా చదవండి.’