అద్దాల పెట్టె సరే, బుట్టల పెట్టె ఎక్కడ?

చలికాలం వచ్చిందంటే అరకు రైలు గురించి ఒకటే పాట: అద్దాల పెట్టెలు చాలడం లేదు, ఇంకో రెండు వేయండి. ఈ వారం కూడా అదే మాట పదిమంది నోట విన్నాను. అడగడంలో తప్పులేదు. అదే రైల్లో మిగతా పెట్టెల్లో ఎక్కేవాళ్ల గురించి ఒక్కరూ నోరెత్తరే, నా కడుపుమంటంతా అందుకే.

2017 ఏప్రిల్ 16న అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు పచ్చజెండా ఊపగా విశాఖ–కిరండూల్ పాసింజరుకు తొలి అద్దాల పెట్టె (విస్టాడోమ్) తగిలించారు. చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్)లో తయారైంది. 40 సీట్లు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు, గాజు పైకప్పు. ఖర్చు మూడు కోట్ల పైచిలుకు. కొండను చూడ్డానికి వచ్చేవాళ్లకు ఏం కావాలో అంత శ్రద్ధగా ఆలోచించారు. కొండమీద ఉండేవాళ్లకు ఏం కావాలో ఎవరు ఆలోచించారు?

శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, కరకవలస. ఈ స్టేషన్ల చుట్టుపక్కల కొన్ని గూడేలకు ఘాట్ రోడ్డు కంటే రైలుకట్టే దగ్గర. సీతాఫలాలు, పనసకాయలు, చింతపండు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్లకు జనరల్ పెట్టెలో బుట్ట దించుకునే చోటు ఉండదు. మరుగుదొడ్డి తలుపు పక్కనో, వాకిట్లోనో పెట్టుకుని, ఎక్కేదిగేవాళ్ల తిట్లు తింటూ నిలబడాలి. ముంబయి లోకల్ రైళ్లలో చేపలూ కూరగాయలూ అమ్ముకునేవాళ్ల కోసం సరుకుల పెట్టె విడిగా ఉంటుంది. అక్కడ చేయగలిగింది ఇక్కడ చేయలేరా?

పెట్టె సంగతి అలా ఉంచండి, బండి వేళలు చూడండి. ఉదయం విశాఖలో బయలుదేరి కొండెక్కుతుంది. సాయంత్రం కొండ దిగుతుంది. చూసిపోయేవాళ్లకు ఇంతకంటే అనుకూలం ఉండదు. పొద్దున్నే సరుకు శృంగవరపుకోటకు దింపి, అమ్ముకుని, చీకటిపడేలోగా ఇల్లు చేరాల్సిన గిరిజనులకు మాత్రం అచ్చంగా తలకిందులు. ఆసుపత్రికి వెళ్లాలన్నా, కాలేజీకి వెళ్లాలన్నా ఇదే తంటా.

స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ కొండలెక్కే బెర్నినా లైను మీద పర్యాటకుల అద్దాల పెట్టెలు ప్రపంచ ప్రసిద్ధం. అదే పట్టాల మీద పల్లెపల్లెలో ఆగే మామూలు రైళ్లూ రోజంతా తిరుగుతాయి. ఒకరి సరదా కోసం ఇంకొకరి అవసరాన్ని అక్కడ పక్కకు నెట్టలేదు.

మన అరకు రైలు నడిచే కొత్తవలస–కిరండూల్ (కేకే) లైను పుట్టుకలోనే స్థానికులను పక్కకు నెట్టే లోపం ఉంది. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేశారు. 58 సొరంగాలు తొలిచారు. 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషన్ కట్టారు. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోనే ఎత్తయిన స్టేషన్ అని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాం. అప్పట్లో ముందు ఖనిజం, తర్వాత మనుషులు. ఇప్పుడు ఖనిజం, ఆ తర్వాత పర్యాటకులు, అందరి వెనకా కొండవాళ్లు. కొత్తవలస నుంచి కోరాపుట్ వరకు సుమారు 189 కిలోమీటర్ల రెండో లైను పని నడుస్తోంది. అది పూర్తయితే ఖనిజం బళ్లు ఎన్ని పెరుగుతాయో లెక్కలు కట్టే ఉంటారు. స్థానికులకు ఒక్క బండి అయినా పెరుగుతుందని ఎవరైనా రాసిచ్చారా?

డబ్బు లేదంటారా? కింద విశాఖలో 46 కిలోమీటర్ల మెట్రో తొలిదశకు 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. 42 స్టేషన్లు, 11,498 కోట్లు. నగరానికి కావాల్సిందే, వద్దనను. కానీ అందులో వెయ్యోవంతు ఖర్చుపెడితే కొండమీద ఎన్ని బతుకులు తేలికపడతాయో!

పోనీ, అడుగుదామంటే ఎవరిని అడగాలి? విశాఖ రైల్వే జోన్ కోసం దశాబ్దాలు కొట్లాడాం. 2019లో దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు. తీరా 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా కోసి, కొత్తవలస నుంచి పైకి పోయే లైనునంతా ఒడిశాలోని రాయగడ డివిజన్‌కు రాసిచ్చింది. ఆ డివిజన్ ఉండేది తూర్పు కోస్తా జోన్‌లో. అంటే అరకు, బొర్రా, శృంగవరపుకోట ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా, వాటి రైలు మాత్రం మన జోన్‌లో లేదు. ఖనిజం రవాణాతో కాసులు కురిపించే లైను పోయిందని అందరూ వాపోయారు. ఆ పట్టాల పక్కన ఉండే మనుషుల మొర కూడా ఇక రాయగడకే చేరాలన్న బాధ ఏ పార్టీ ప్రకటనలోనూ కనిపించలేదు. ఆ మౌనం నాకు లైను పోయినంత అన్యాయంగానే తోస్తుంది.

అరకు లోక్‌సభ స్థానం గిరిజనులకు రిజర్వయినది. అక్కడ గెలిచినవాళ్లు పార్లమెంటులో అడగాల్సింది ఇదే: తెల్లవారుజామున అరకులో బయలుదేరి, ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగుతూ, చీకటిపడేలోగా తిరిగి కొండెక్కే ఒక మెమూ రైలు. దానికి వెడల్పాటి తలుపులతో, బుట్టలకు చోటుతో ఒక సరుకుల పెట్టె. మెమూకు కావాల్సిన కరెంటు తీగలు ఈ లైనుకు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ తర్వాత అద్దాల పెట్టెలు ఎన్ని వేసినా నేను చప్పట్లు కొడతాను. ముందు ఇది.