పరీక్షల వేళ గ్రంథాలయము

విశ్వవిద్యాలయమునకు పరీక్షలు సమీపించినవన్న వార్తను అధికారుల ప్రకటనకంటె ముందుగా గ్రంథాలయమే తెలుపును. తక్కిన దినములలో కుర్చీలు ఖాళీగనుండు పఠనమందిరమున అప్పుడు కూర్చుండుటకు చోటు దొరకదు. ద్వారము తెఱవకమునుపే విద్యార్థులు వాకిట నిలుతురు. సంచి నొకదానిని కుర్చీపై నుంచి స్థలము దక్కించుకొందురు. సెమిస్టరు పద్ధతి వచ్చినది మొదలు ఈ సందడి యేఁటికి రెండుమాఱులు కలుగుచున్నది.

దీనిని జూచి పరిహసించువారు కలరు. ఏడాది పొడవున గ్రంథాలయపు గడప త్రొక్కనివారు కడపటి పక్షమున వచ్చి, బీరువాలలోని గ్రంథములను ముట్టక, తాము తెచ్చుకొన్న గైడులను, జిరాక్సు నోట్సులను వల్లించి పోవుచున్నారని వారి యాక్షేపణము. అందు సత్యము లేకపోలేదు. కాని యా విద్యార్థి అచ్చటికి వచ్చుట కేమి కారణమో విచారించితిమా? హాస్టలు గదిలో పలువురు కలసి నివసింతురు. ఒకఁడు నిద్రించుచుండ వేఱొకఁడు దీపము వెలిగింపరాదు. ఇఱుకైన అద్దెయింట నుండువానికి నిశ్శబ్దము దుర్లభము. ధనికుని కుమారునకు ప్రత్యేకమైన గది కలదు. పల్లెనుండి వచ్చిన చిన్నరైతు బిడ్డకు బల్లయు, వెలుతురును, నిశ్శబ్దమును ఉచితముగ లభించు చోటు గ్రంథాలయ మొక్కటియే. అట్టి వేళ రాత్రి కాఁగానే తలుపులు మూయుట, నియమము అందఱికిని సమానమే యైనను, పేదవానికి మాత్రమే శిక్ష యగుచున్నది.

గ్రంథాలయ విషయమున ఆంధ్రు లొకరివలన నేర్వవలసినవారు కారు. 1914లో బెజవాడ యందు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు గ్రంథాలయముల ప్రతినిధులను సమావేశపఱచి ఉద్యమమును నిలిపిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికచే గుంటూరు మండలమున పెదవడ్లపూడి ప్రాంతపు కాలువపై గ్రంథములు పడవనెక్కి పాఠకుల యొద్దకు సాగినవి. 1924లో చెన్నపురి విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో మొదటిది, గ్రంథములున్నది వాడుకకొఱకేయని చెప్పునది. నాఁడు పాఠకుని వెదకికొనుచు కాలువలవెంట పోయిన గ్రంథము, నేఁడు పాఠకుఁడే వచ్చి తలుపు తట్టుచుండ లోపల తాళమున నుండిపోవుట తగునా?

చేయవలసిన పనులు దుష్కరములు కావు. పరీక్షలకు ముందు నెలదినములును, పరీక్షలు ముగియువఱకును పఠనమందిరమును రాత్రియెల్ల తెఱచియుంచవలయును. కొన్ని విశ్వవిద్యాలయము లిదివఱకే యిట్లు చేయుచున్నవి గనుక అసాధ్యమనుటకు వీలులేదు. విద్యార్థినులు క్షేమముగ హాస్టలు చేరుటకు బండియు, కావలియు నేర్పఱుపవలయును. లేనిచో తెఱచిన తలుపు సగముమందికే తెఱచినట్లగును. ముఖ్యమైన పాఠ్యగ్రంథముల ప్రతులను కొన్నింటిని బయటి కెరవీయక, మందిరముననే రెండేసి గంటలు వంతులవారిగ నీయవలయును. ఒకఁడు నెలకు గొనిపోయిన ప్రతికై పదుగురు ఎదురుచూచు దురవస్థ దీనితో తీఱును.

వ్యయ మధికమందురేమో! పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థల కందించుటకై కేంద్ర మంత్రివర్గము 2024 నవంబరులో మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయల నామోదించినది. అది మెచ్చదగిన కార్యమే. అంత ద్రవ్యము వెచ్చించి విజ్ఞానమును కొనగలిగినవారికి, దానిని చదువుకొనువాని దీపమునకును, కావలివాని జీతమునకును ధనము లేదనుట పొసఁగదు.

అయినను తలుపులు తెఱచినంతనే కార్యము ముగియదు. ఏఁటేఁట అవే ప్రశ్నలు మరల మరల వచ్చుచుండ, గైడు చాలునని యెఱిఁగిన విద్యార్థి గ్రంథము నేల తెఱచును? గ్రంథములు దుమ్ముపట్టుటకు విద్యార్థి సోమరితనముకంటె ప్రశ్నపత్రమే హెచ్చు కారణము. రెండు మూఁడు గ్రంథములను పోల్చి చదివినగాని సమాధానము వ్రాయరాని ప్రశ్న ప్రతి పత్రమునను ఒక్కటియైన నుండవలయును. అంతట పఠనమందిరము కడపటి పక్షముననే కాక తొలినెలనుండియు నిండును. 1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయము తన గ్రంథాలయమునకు పూర్వోపాధ్యక్షులగు డాక్టరు వి. యస్. కృష్ణగారి పేరిడి గౌరవించుకొన్నది. గ్రంథాలయమున కిట్టి గౌరవము పేరున మాత్రమే కాక ప్రశ్నపత్రమునను కనఁబడవలయును.

పంటనమ్మి బిడ్డలను చదివించు రైతులును, జీతములో సగము ఫీజులకు చెల్లించు పురవాసులును ఈ విషయమున నుపేక్ష వహింపరాదు. సెలవులకు వచ్చిన కుమారుని, కుమార్తెను మార్కులెన్నియని యడుగుటతోపాటు, గైడు కాక యే గ్రంథము చదివితివని యడుగుఁడు. రాత్రి చదువుకొనుటకు చోటు దొరకినదాయని యడుగుఁడు. లేదని వారు చెప్పినచో, ఆ ప్రశ్ననే విశ్వవిద్యాలయాధికారుల కొక ఉత్తరముగ వ్రాయుఁడు. వారు సమాధానము చెప్పవలసిన పరీక్ష యిదియే.