రెపో రేటు తగ్గింది.. మీ ఈఎంఐ ఎందుకు తగ్గలేదు?

2025లో భారతీయ రిజర్వు బ్యాంకు (ఆర్‌బీఐ) నాలుగుసార్లు రెపో రేటు తగ్గించింది. ఏడాది మొదట్లో 6.50 శాతం ఉన్న రేటు డిసెంబరుకల్లా 5.25 శాతానికి దిగింది. అయినా మియాపూర్‌లోనో, మధురవాడలోనో అప్పు చేసి ఫ్లాట్ కొనుక్కున్నవారిలో కొందరికి ప్రతి నెలా పాత ఈఎంఐయే కట్ అవుతోంది. మరి ఆ తగ్గింపు ఎటు పోయింది?

రెపో రేటు అంటే?

బ్యాంకులకు డబ్బు అవసరమైనప్పుడు ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి ఆర్‌బీఐ దగ్గర స్వల్పకాలానికి అప్పు తీసుకుంటాయి. దానిపై కట్టే వడ్డీయే రెపో రేటు. ఆరుగురు సభ్యుల ద్రవ్య పరపతి విధాన కమిటీ సాధారణంగా రెండు నెలలకోసారి సమావేశమై దీన్ని నిర్ణయిస్తుంది. రిటైల్ ద్రవ్యోల్బణాన్ని, అంటే ధరల పెరుగుదలను, 4 శాతం దగ్గర ఉంచడం దాని లక్ష్యం. రెండు శాతం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ఎప్పుడు పెంచుతారు? ఎప్పుడు తగ్గిస్తారు?

2022 ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. అప్పు ఖరీదైతే జనం ఇల్లు, కారు కొనడం వాయిదా వేస్తారు. కంపెనీలూ విస్తరణ ఆపుకుంటాయి. గిరాకీ తగ్గితే ధరల జోరూ తగ్గుతుంది. అందుకే ఆ ఏడాది మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు 4 శాతం ఉన్న రెపో రేటును 6.50 శాతానికి పెంచారు. 2025లో పరిస్థితి తిరగబడింది. అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. ధరల భయం లేనప్పుడు చౌక అప్పుతో గిరాకీ పెంచడానికి వీలు దొరుకుతుంది.

అయితే ఆర్‌బీఐ మార్చేది బ్యాంకులకిచ్చే రేటును. అది మీ ఖాతా దాకా రావాలంటే మీ రుణ ఒప్పందం గుండానే రావాలి.

మీ రుణం దేనికి ముడిపడి ఉంది?

2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు కొత్తగా ఇచ్చిన ఫ్లోటింగ్ రేటు గృహ రుణాలు రెపో రేటు వంటి బయటి ప్రామాణికానికి ముడిపడి ఉండాలి. కనీసం మూడు నెలలకోసారి వడ్డీని సవరించాలి. ఈ రుణాలకు తగ్గింపు త్వరగా చేరుతుంది.

అంతకుముందు తీసుకున్నవాటిలో చాలా వరకు ఎంసీఎల్‌ఆర్ లేదా బేస్ రేటు మీద నడుస్తున్నాయి. ఇవి బ్యాంకు సొంత నిధుల ఖర్చును బట్టి మారతాయి. పాత ఎక్కువ వడ్డీకి తీసుకున్న డిపాజిట్ల గడువు తీరేదాకా ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. పైగా ఎంసీఎల్‌ఆర్ రుణాల్లో సవరణ తరచూ ఆరు నెలలకో, ఏడాదికో జరుగుతుంది. ఇక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ బయటి ప్రామాణికం నిబంధన వర్తించదు. అవి తమ సొంత రేటునే అనుసరిస్తాయి.

ఈఎంఐ తగ్గాలా.. గడువు తగ్గాలా?

వడ్డీ తగ్గినా ఈఎంఐ కదలకపోవడానికి మరో కారణం ఉంది. సాధారణంగా బ్యాంకులు ఈఎంఐ అలాగే ఉంచి గడువు మారుస్తాయి. 2022–23లో వడ్డీలు పెరిగినప్పుడు చాలామందికి ఈఎంఐ పెరగలేదు, వాయిదాలు పెరిగాయి. ఇప్పుడు అవే వాయిదాలు వెనక్కి తగ్గుతుండవచ్చు.

ఇది మేలా, కీడా? లెక్క చూద్దాం. రూ.30 లక్షల అప్పు, ఇంకా 20 ఏళ్ల గడువు ఉందనుకుందాం. 9 శాతం వడ్డీకి ఈఎంఐ సుమారు రూ.26,990. వడ్డీ 7.75 శాతానికి తగ్గితే రెండు దారులు:

• ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు సుమారు రూ.24,630 కట్టాలి. రూ.2,360 దాకా చేతిలో మిగులుతుంది. గడువు మారదు.

• పాత ఈఎంఐయే కడితే అప్పు సుమారు మూడేళ్ల ఏడు నెలల ముందే తీరిపోతుంది. మొదటి దారితో పోలిస్తే మొత్తం వడ్డీలో దాదాపు రూ.6 లక్షలు ఆదా.

ఇంటి ఖర్చులకు ఇబ్బంది లేకపోతే రెండోదే లాభం. పిల్లల ఫీజులకో, మరో అప్పుకో నెలనెలా డబ్బు కావాలంటే మొదటిదీ తప్పు కాదు. కాకపోతే ఆ నిర్ణయం మీరు తీసుకున్నదై ఉండాలి.

బ్యాంకును ఏం అడగాలి?

• నా రుణం ఏ ప్రామాణికానికి ముడిపడి ఉంది? దానిపై మీరు కలిపే అదనపు శాతం (స్ప్రెడ్) ఎంత?

• ఇప్పటి వడ్డీ ఎంత? ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి? ఈ వివరాలతో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ అందుబాటులో ఉంచాలన్నది 2023 ఆగస్టు నుంచి ఆర్‌బీఐ నిబంధన.

• పాత పద్ధతిలో ఉంటే రెపో ఆధారిత రుణానికి మారడానికి ఎంత ఖర్చవుతుంది?

ఒప్పుకోకపోతే అప్పును మరో బ్యాంకుకు మార్చుకోవచ్చు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు గృహ రుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా ఉండదు. అయితే కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, ఇతర ఖర్చులు లెక్కవేసుకోవాలి. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. సమాచారానికి హెల్ప్‌లైన్ 14448.

డిపాజిట్‌దారుల మాటేమిటి?

కొడుకు అప్పుపై తగ్గిన వడ్డీ, తండ్రి ఫిక్స్‌డ్ డిపాజిట్‌పైనా తగ్గుతుంది. పాత డిపాజిట్‌కు గడువు తీరేదాకా పాత రేటే వస్తుంది, రెన్యువల్ నాడు కొత్త రేటు పడుతుంది. డిపాజిట్ల వడ్డీ మీదే ఆధారపడిన పెద్దలున్న ఇంట్లో రెండు లెక్కలూ కలిపి చూసుకుంటేనే రేటు తగ్గింపుతో ఎంత మిగిలిందో తేలుతుంది.