పద్దెనిమిది అంగుళాల లెక్క

అమెరికాలో షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలుంటే, చాలా రాష్ట్రాల్లో అది దుకాణంలో తనిఖీ ముగించుకుని ఇంటికి తెచ్చుకునే వస్తువు. గొట్టం 17 అంగుళాలుండి కాగితాలు లేకపోతే, అదే తుపాకీ మనిషిని పదేళ్ల దాకా జైల్లో పెట్టించగలదు. ఆ కాగితాల కోసం కట్టాల్సిన 200 డాలర్ల పన్ను 1934 నుంచి ఒక్క సెంటు కూడా అటూ ఇటూ కాలేదు. 2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన భారీ బిల్లు దాన్ని సున్నా చేసింది. 2026 జనవరి 1 నుంచి పొట్టి షాట్‌గన్‌కు పన్ను లేదు. వేలిముద్రలు, ఫొటో, రిజిస్ట్రేషన్ మాత్రం ఉన్నాయి. ఖర్చు తగ్గింది కనుక, ఆత్మరక్షణకని ఇలాంటిది వెంట పెట్టుకు తిరగడం అసలు పనికొచ్చే ఆలోచనేనా అని ఇప్పుడైనా అడగాలి.

ఈ 18 అంగుళాల లెక్క వచ్చిన తీరు విచిత్రం. మద్యనిషేధ కాలం నాటి ముఠాల తుపాకుల మోతతో విసిగి 1934లో రూజ్వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన చట్టం అది. ముసాయిదాలో పిస్టళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. వాటిని కట్టడి చేస్తే జనం పొడుగు తుపాకుల గొట్టాలు కోసి జేబు తుపాకులుగా మార్చుకుంటారని, ముందుజాగ్రత్తగా పొట్టివాటినీ చేర్చారు. తీరా అభ్యంతరాలు రావడంతో పిస్టళ్లను జాబితాలోంచి తీసేశారు, పొట్టి తుపాకులను మాత్రం అలాగే ఉంచేశారు. ప్రహరీ కట్టడం మానేసి గేటుకు తాళం వేసినట్టయింది.

దీని మీద వచ్చిన ఒక పెద్ద కేసు ఇంకా విచిత్రం. 1938లో మిల్లర్, లేటన్ అనే ఇద్దరు గొట్టాలు కోసిన జంట గొట్టాల తుపాకీతో ఓక్లహోమా నుంచి ఆర్కన్సాలోకి వెళ్లి దొరికిపోయారు. కింది కోర్టు చట్టమే చెల్లదంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ నిందితుల తరఫున వాదించడానికి ఒక్క లాయరూ రాలేదు. 1939 మేలో తీర్పు వెలువడే నాటికి మిల్లరే లేడు. అంతకు ముందు నెలలోనే ఎవరో కాల్చి చంపారు. ఆయుధ హక్కును రాజ్యాంగం ముడిపెట్టిన పౌర సైన్యానికి ఇలాంటి తుపాకీ ఉపయోగపడుతుందనడానికి తమ ముందు ఆధారమేదీ లేదని కోర్టు తేల్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు పొడవు తగ్గించిన షాట్‌గన్‌లు పట్టుకునే కందకాల్లోకి దిగారనీ, వాటి దెబ్బకు 1918లో జర్మనీ అధికారికంగా నిరసన తెలిపిందనీ చెప్పే నోరు ఆ రోజు కోర్టు హాల్లో లేకపోయింది. 2008లో హెల్లర్ కేసులో ఇంట్లో పిస్టల్ ఉంచుకోవడం పౌరుల హక్కేనన్న సుప్రీంకోర్టు, పొట్టి షాట్‌గన్‌ను మాత్రం ఆ హక్కు కిందికి రానివాటికి ఉదాహరణగా చూపింది.

చట్టం సంగతి సరే. మన ప్రశ్న ఉపయోగం గురించి. గొట్టం ఎవరైనా ఎందుకు కోస్తారు? దాచడానికి. అయితే షాట్‌గన్‌లో మెచ్చుకోదగ్గవి ఏవైనా ఉంటే అవి దాని పొడుగులోనూ, భుజానికి ఆన్చుకునే బట్‌లోనూ ఉన్నాయి. పన్నెండు బోరు తూటా పేలితే వచ్చే తన్ను ఎంతటి మొనగాణ్ణయినా గట్టిగానే కుదుపుతుంది. ఆ తన్నును భుజం కాచుకుంటుంది. బట్ తీసేస్తే మణికట్టు కాచుకోవాలి. గురి చూడటానికి చెంప ఆనే చోటు ఉండదు. రెండో తూటా వెళ్లేసరికి తుపాకీ ఎటు చూస్తోందో పేల్చినవాడికే తెలియదు. సినిమాలో హీరో ఒంటిచేత్తో పేల్చి నవ్వుతాడు గానీ, ఆ చేతికి కట్టు కట్టే సీన్ ఎవరూ తీయరు.

మరో భ్రమ ఉంది. గొట్టం పొట్టిదైతే గుళ్లు విచ్చుకుని గదంతా ఊడుస్తాయని, గురి అక్కర్లేదని. పదిహేను అడుగుల గదిలో గుళ్ల గుంపు వెడల్పు సుమారుగా ఒక అరచేయి. అందులో గురి తప్పిన ఒక్కో గుండూ ఎక్కడికో అక్కడికి పోవాలి. అమెరికా ఇళ్లలో గదుల మధ్య గోడలు చాలావరకు చెక్క చట్రం మీద బిగించిన జిప్సం పలకలు. పెద్ద గుళ్ల తూటాలో ఎనిమిదో తొమ్మిదో గుళ్లుంటాయి. అవి అలాంటి గోడ దగ్గర ఆగవు. అవతలి గదిలో నిద్రపోతున్నది ఎవరు?

ఇక వెంట తీసుకెళ్లడం. పన్ను, రిజిస్ట్రేషన్ గొడవ లేకుండా అమ్మే 14 అంగుళాల గొట్టం రకాలున్నాయి. వాటికి మొదటి నుంచీ బట్ లేదు, మొత్తం పొడవు 26 అంగుళాలు దాటుతుంది కనుక చట్టం వాటిని పొట్టి షాట్‌గన్ కింద లెక్కించదు. బరువు రెండు కిలోల పైమాట. దాన్ని చొక్కా కింద దాచలేం, కోటు కావాలి. జూలై ఎండలో డల్లాస్ వీధిలో కోటు వేసుకు నడిచేవాణ్ణి చూస్తే దొంగ కంటే ముందు పోలీసుకే అనుమానం వస్తుంది. పేల్చడానికి రెండు చేతులూ కావాలి. ఆపద వేళ ఒక చేతిలో ఫోనో, పిల్లవాడి చెయ్యో ఉంటుంది.

మన చట్టమూ ఈ పొడవు లెక్క పెట్టుకుంది. 1959 ఆయుధ చట్టం ఆత్మరక్షణకో క్రీడకో లైసెన్సిచ్చే సాదా గొట్టపు తుపాకీకి కనీసం 20 అంగుళాల గొట్టం ఉండాలంటుంది. ప్రత్యేక అనుమతి లేకుండా గొట్టం కోయడమే నేరం. ఎన్నికల కోడ్ రాగానే ఇక్కడ లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీసు స్టేషన్‌కు చేరతాయి కూడా. ఆ కొన్ని వారాలూ వాటి యజమానులు నిర్భయంగానే తిరుగుతారనేది వేరే సంగతి.

ఈ చర్చ మనకెందుకంటే, అమెరికాలో గ్యాస్ స్టేషన్లలో, చిన్న దుకాణాల్లో రాత్రి షిఫ్టులు చేసే తెలుగు పిల్లలు దోపిడీ దొంగల కాల్పుల్లో పోయారన్న వార్త వచ్చినప్పుడల్లా, వాళ్లూ ఒకటి దగ్గర పెట్టుకోవలసింది అనే మాట వినిపిస్తుంది. బిడ్డ దూరాన ఉన్న ఏ తల్లికైనా అలా అనిపించడం సహజం. కానీ విద్యార్థి వీసా మీదా, హెచ్‌-1బీ మీదా ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప అక్కడ తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. పొడుగుదైనా, పొట్టిదైనా. దొరికితే చదువూ వీసా రెండూ పోతాయి.

అందుకే ఈ వారం ఫోన్ చేసినప్పుడు మీ పిల్లలకు ఒక్క మాట చెప్పండి. ఎవరైనా తుపాకీ చూపించి గల్లాపెట్టె అడిగితే, మారు మాట్లాడకుండా తెరిచి ఇచ్చేయమనండి.